చేతిదీపంలో ఘటం: నిర్జల ఘటం నుండి లిథియం అయాన్ ఘటం వరకు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తెలుగు పల్లెలలో టార్చికి ‘బ్యాటరీలైటు’ అన్నది వాడుక పేరు. చాలాచోట్ల ‘బ్యాటరీ’ అన్నా అదే అర్థం. దీపానికి దానిలోని శక్తిమూలం పేరే స్థిరపడడం గమనించదగినది. చేతిదీపం చరిత్ర ప్రధానంగా దానిలోని ఘటం చరిత్రే. ఇటీవలి దశాబ్దాలలో ఆ ఘటం స్వభావం పూర్తిగా మారింది. గొట్టం వంటి రూపం మాత్రం అలాగే ఉంది. రూపం మారకపోవడంతో పాత ఘటం నేర్పిన అలవాట్లు కొత్త ఘటానికీ సంక్రమించాయి. ఆ సంక్రమణను, దానివల్ల కలిగే ప్రమాదాన్ని చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్జల ఘటం నేర్పిన అలవాట్లు:

ఫ్రాన్సుకు చెందిన జార్జ్ లెక్లాంచి 1866లో రూపొందించిన ఘటంలో అమ్మోనియం క్లోరైడు, అనగా నవాసారం, ద్రావణరూపంలో ఉండేది. వంచితే ఒలికిపోయే ఘటంతో చేతిదీపం సాధ్యం కాదు. 1886లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ఆ రసాయనాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కలిపి, జింకు పాత్రనే రుణధ్రువంగా చేసి నిర్జల ఘటాన్ని రూపొందించాడు. ఇటువంటి ఘటాలను కాగితపు గొట్టంలో వరుసగా పేర్చిన దీపానికి డేవిడ్ మిసెల్ 1899 జనవరి 10న అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ హక్కులు కాన్రడ్ హ్యూబర్ట్ సంస్థకు చెందాయి. తెలుగు ఇళ్ళకు చిరపరిచితమైన ‘ఎవరెడీ’ అన్న పేరు ఆ సంస్థ వ్యాపారనామం నుండి వచ్చినదే. ఆనాటి ఘటాలు నిలకడగా విద్యుత్తును ఇవ్వలేకపోయేవి. దీపాన్ని క్షణకాలం వెలిగించి ఆర్పవలసి వచ్చేది. ఇంగ్లీషులో ‘ఫ్లాష్‌లైట్’ అన్న పేరుకు మూలం ఇదే.

జింకు–కార్బన్ ఘటం వోల్టేజి 1.5. ‘రెండు సెల్లుల లైటు’, ‘మూడు సెల్లుల లైటు’ అన్న మాటలు ఈ లెక్కతో పుట్టినవే. ఈ ఘటం క్రమంగా బలహీనపడుతుంది. వెలుగు ఎర్రబడి చివరికి ఆరిపోతుంది. అంతవరకూ వాడుకోవడం, నీరసించిన సెల్లులను ఎండలో పెట్టడం, ఒక పాతదానికి ఒక కొత్తది జతచేయడం మన ఇళ్ళలో సాధారణమైన పొదుపు పద్ధతులు. వీటివల్ల కలిగే నష్టం స్వల్పం. మహా అయితే సెల్లు కారి లైటు పాడయ్యేది.

3. లిథియం అయాన్ ఘటం ఆవిర్భావం:

1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడును ధనధ్రువంగా, లిథియం లోహాన్ని రుణధ్రువంగా ఉపయోగించి తిరిగి చార్జి చేయగల ఘటాన్ని రూపొందించాడు. చార్జి చేసినప్పుడు లోహంపై సూదులవంటి పెరుగుదలలు ఏర్పడి లోలోపల షార్ట్ సర్క్యూటుకు కారణమయ్యేవి. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్టు ఆక్సైడు ధనధ్రువాన్ని ప్రతిపాదించింది. 1985లో జపానుకు చెందిన అకిరా యొషినో రుణధ్రువంలో లోహానికి బదులు కార్బన్ పదార్థాన్ని వాడి సురక్షితమైన నమూనాను సాధించాడు. 1991లో సోనీ సంస్థ దీనిని విపణిలో ప్రవేశపెట్టింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

4. చేతిదీపంలో ప్రవేశం:

ఈ ఘటం మొదట టార్చి కోసం పుట్టలేదు. వీడియో కెమెరాలు, ఫోన్లు, లాప్‌టాప్‌లు దాని తొలి స్థానాలు. లాప్‌టాప్ ప్యాకులలో విరివిగా వాడిన ‘18650’ ఘటం పేరు దాని కొలతలనే తెలుపుతుంది: వ్యాసం 18 మి.మీ., పొడవు 65 మి.మీ. 1990లలో తెల్లని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. రాకతో పరిస్థితి మారింది. దానికి సుమారు 3 వోల్టులు కావాలి. లిథియం అయాన్ ఘటం సగటు వోల్టేజి 3.6 లేదా 3.7. రెండు, మూడు పాత సెల్లుల పనిని ఒక్క ఘటమే చేయగలిగింది.

అయితే లాప్‌టాప్ ప్యాకులో ఘటానికి తోడు ఒక రక్షణ వలయం ఉండేది. అతిగా చార్జి కాకుండా, అతిగా ఖాళీ కాకుండా అదే కాపలా కాసేది. విడి ఘటం టార్చిలోకి వచ్చినప్పుడు చాలా సందర్భాలలో ఆ కాపలా వెంట రాలేదు. యంత్రం వహించిన బాధ్యత వాడుకరి చేతికి వచ్చింది.

5. పాత అలవాటు – కొత్త ప్రమాదం:

ఈ ఘటాన్ని పూర్తిగా ఆరిపోయేవరకు వాడరాదు. వోల్టేజి 2.5 కంటె బాగా దిగజారితే లోపలి రాగి రేకు కరగనారంభిస్తుంది. అటువంటి ఘటాన్ని మళ్ళీ చార్జి చేస్తే లోపల షార్ట్ సర్క్యూటు ఏర్పడవచ్చు. చార్జింగు 4.2 వోల్టుల వద్ద ఆగాలి. అందుకు లిథియం అయాన్ కోసమే తయారైన చార్జరు అవసరం. ఎండ ఈ ఘటానికి బలమివ్వదు, ఆయుష్షు తీస్తుంది. రెండు ఘటాల లైటులో పాతకొత్తలను కలిపితే బలహీనమైనది ముందుగా ఖాళీ అయి, రెండవదాని ఒత్తిడికి దెబ్బతింటుంది. పైతొడుగు చిరిగిన ఘటాన్ని వాడరాదు. లోహపు డొల్ల అంతా రుణధ్రువమే కనుక జేబులోని తాళంచెవి కూడా షార్ట్ సర్క్యూటుకు చాలు. ‘14500’ ఘటం సాధారణ పెన్సిల్ సెల్లు కొలతలోనే ఉంటుంది, నిండుగా ఉన్నప్పుడు వోల్టేజి మాత్రం 4.2. రూపసామ్యం ఎంత మోసపుచ్చగలదో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

6. ముగింపు:

రాత్రివేళ మోటారు వేయడానికి పొలం గట్టున నడిచే రైతుకు, పాము భయం ఉన్న దారిలో, చేతిలోని వెలుగు ప్రాణరక్షణ. ఆ వెలుగును కొత్త ఘటం ఎన్నో రెట్లు పెంచింది. కాని ‘బ్యాటరీ’ అన్న ఒకే పదం కింద భిన్నస్వభావాలున్న రెండు వస్తువులు చేరాయి. కొలత ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదన్న తెలివిడి, పేరుతోపాటు వాడుకలోకి రావాలి. ఎండలో సెల్లు పెట్టమని చెప్పిన తరం తన అనుభవం మేరకు సరిగానే చెప్పింది. ఎందుకు పెట్టకూడదో తేటతెలుగులో చెప్పవలసిన బాధ్యత ఈ తరం అధ్యాపకులది, పరిశోధకులది.