పార నుంచి అటక దాకా

ఇంటిని వెచ్చబెట్టుకోవడం అనే మాట మనకు అంతగా అలవాటు లేదు. చలికాలమంటే మనకు కాగులో నీళ్లు, వాకిట్లో నెగడు, పెద్దవాళ్ల మంచం పక్కన కుంపటి. వెచ్చబడేది మనిషే, ఇల్లు చల్లగానే ఉంటుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో అది కుదరదు. ఇల్లు మొత్తం వెచ్చగా ఉండకపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయి. అలాంటి చోట నడిచలిలో ఇంధనం ఆగిపోతే భారం ఎవరి నెత్తిన పడాలి? వందేళ్లుగా అక్కడ నడుస్తున్న తగువు ఇదే.

1902 మేలో పెన్సిల్వేనియా ఆంత్రసైట్ గనుల్లో సమ్మె మొదలై అక్టోబరు దాకా సాగింది. పొగ రాని ఆ గట్టి బొగ్గు మీదే తూర్పు నగరాల ఇళ్లు ఆధారపడి ఉండేవి. చలి ముంచుకొస్తుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కల్పించుకుని ఇరువర్గాలనూ పిలిపించాడు. ఆ తగువు గని దగ్గరే తెమిలింది.

1918 జనవరిలో మాత్రం తగువు ఇళ్లలోకే వచ్చింది. నేలలో బొగ్గుకు కొదవ లేదు. యుద్ధ సరుకుతో, మంచుతో రైలు మార్గాలు కిక్కిరిసి వ్యాగన్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇంధన పాలనాధికారి హ్యారీ గార్‌ఫీల్డ్ మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఫ్యాక్టరీలను అయిదు రోజులు మూయించి, ఆ తర్వాత సోమవారాలు కూడా పొయ్యిలు ఆర్పమన్నాడు. ఆ నెల 30న బడిపిల్లలు ఒక పని చేశారు. బేస్‌మెంట్లలో బొగ్గు ఎత్తిపోసే పారల పిడులకు చీటీలు కట్టారు. రోజుకో పారెడు బొగ్గు దేశం కోసం మిగల్చమని వాటి సారాంశం. ప్రభుత్వం మాట సరిగ్గా చెయ్యి పడేచోటే వేలాడుతోంది. ఇంతకన్నా తెలివైన ప్రచారం తర్వాత వచ్చినట్టు నాకు కనిపించదు.

కానీ ఆ పార ఎంతోకాలం నిలవలేదు. 1885లోనే మినియాపాలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ అనే ఆయన ఒక చిన్న ఏర్పాటు కనిపెట్టాడు. గది చల్లబడగానే మోటారు తిరిగి ఫర్నేస్ గాలితలుపు తెరుచుకుంటుంది, మంట ఎగుస్తుంది. వెచ్చబడితే తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత ఆయిల్ బర్నర్లు వచ్చాక పొద్దున్నే లేచి బూడిద తీసే పని కూడా పోయింది. ఎంత కాలుతోందో కంటికి కనిపించకుండా పోయింది. గోడ మీది థర్మోస్టాట్ ముల్లు ఒక్కటే మిగిలింది.

1942లో జర్మన్ జలాంతర్గాములు తూర్పు తీరంలో ట్యాంకర్లను ముంచడం మొదలుపెట్టాయి. ఆ తీరానికి చమురు దాదాపు అంతా ఓడల్లోనే వచ్చేది. ఇంటి వైశాల్యం, కిందటేటి వాడకం చూసి కూపన్లు పంచారు. 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో, అంటే మన 18తో, సరిపెట్టుకోవాలని లెక్క. కుదిరినవాళ్లు మళ్లీ బొగ్గుకే మారండన్నారు. వదిలించుకున్న పారే మళ్లీ చేతికొచ్చింది! 24 అంగుళాల బిగ్ ఇంచ్ పైప్‌లైన్ టెక్సస్ నుంచి తూర్పు దాకా పూర్తయ్యేసరికి 1943 వచ్చేసింది.

1973 నవంబరులో, అరబ్బు దేశాల చమురు నిషేధం వేళ, అధ్యక్షుడు నిక్సన్ టీవీలో పగటిపూట సగటు 68 డిగ్రీలకు దిగాలన్నాడు. ఆ చలే ఆరోగ్యానికి మంచిదని తన డాక్టరు చెప్పినట్టు కూడా కలిపాడు. 1977 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు కార్టర్ స్వెటర్ వేసుకుని కూర్చుని పగలు 65, రాత్రి 55 చాలన్నాడు. ఈసారి కొరత సహజవాయువుది. అప్పట్లో రాష్ట్రాలు దాటే గ్యాస్ ధర మీద కేంద్రం అదుపు ఉండేది, టెక్సస్ లోపల అమ్ముకుంటే ఉండేది కాదు. మరి ఎవరు మాత్రం ఉత్తరానికి పంపుతారు? ఒహాయోలోని కొలంబస్‌లో బడులు మూసేసి టీవీలో, రేడియోలో, పత్రికలో పాఠాలు చెప్పారు.

నిజానికి స్వెటర్ కన్నా ముందే మరో పని మొదలైంది. న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్‌లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు 1972 నుంచి ఒకే నమూనాలో కట్టిన వరుస ఇళ్ల గ్యాస్ మీటర్లు చదువుతూ వచ్చారు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ వాడకంలో రెండింతల తేడా. కాపురం మారితే వాడకమూ మారింది. అంటే మనుషుల అలవాట్లకు అంత బలం ఉంది. కానీ అటక ఎక్కి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. పరిచిన ఇన్సులేషన్‌కు అంటకుండా, పొగగొట్టం చుట్టూ వదిలిన సందుల్లోంచి, ఇళ్ల మధ్య గోడల బోలులోంచి కింది వెచ్చటి గాలి సరాసరి పైకి పోతోంది. అదే రాష్ట్రంలోని ఎడిసన్ నుంచి ట్విన్ రివర్స్ చుట్టుపక్కల దాకా ఇప్పుడు తెలుగు కుటుంబాలు బోలెడు. థర్మోస్టాట్ దగ్గర ఆలుమగల తగువు వాళ్లకు కొత్త కాదు. అటక సందుల గురించి పోట్లాడుకున్న జంట మాత్రం నాకు తారసపడలేదు.

పేదల ఇళ్లకు ఆ సందులు పూడ్చి ఇచ్చే పథకానికి 1976లోనే చట్టం వచ్చింది. పని మాత్రం నెమ్మది. కొరత వచ్చేది చలిలో, అటక బాగుచేయించాల్సింది ఎండల్లో. మంచు కరగగానే జనానికి ఆ ఊసే ఉండదు.

2022లో రష్యా గ్యాస్ తగ్గిపోయినప్పుడు యూరప్‌కూ అదే తగువు ఎదురైంది. 15 శాతం తగ్గించాలనుకున్న వాడకం, ఆగస్టు నుంచి మార్చి దాకా దాదాపు 18 శాతం తగ్గింది. అందులో అధిక ధరల పాత్ర ఉంది, చలి అంతగా లేకపోవడమూ కలిసొచ్చింది. జర్మనీ ప్రభుత్వ కార్యాలయాల్లో వేడిని 19 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వలేదు. గోడలు మార్చడానికి ఎటూ వ్యవధి లేదు. చేతులు కడుక్కునే కుళాయిల్లో వేడినీళ్లు కట్టేశారు.