కుడ్యస్తంభాల మధ్య చోటు: అమరావతి నుంచి బిక్కవోలు దాకా

తోట్లవల్లూరు నుంచి కృష్ణ ఎడమగట్టు వెంట దిగువకు పోతే శ్రీకాకుళం, ఆ దాపునే ఘంటసాల. ఒండ్రు తప్ప రాయి దొరకని ఈ నేలలో బౌద్ధులు ఇటుకతో స్తూపం కట్టారు. చెక్కిన సున్నపురాతి పలకలతో దాన్ని అలంకరించారు. ఆ శిల్పాల్లో కొన్ని ఇప్పుడు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి. బొమ్మల గురించి పండితులు విరివిగానే రాశారు. పలకకూ పలకకూ నడుమ ఏముండేదన్నదే ఇక్కడి ప్రశ్న.

జవాబుకు ఎగువన ఉన్న అమరావతి వైపు చూడాలి. అక్కడి స్తూపమైన మహాచైత్యంలో అర్ధగోళాకారపు అండం కింద ఉండే గుండ్రటి మేధికి వెడల్పాటి పలకలు, వాటి మధ్య సన్నటి కుడ్యస్తంభాలు అమర్చారు. ఈ స్తంభాల్లో కొన్నింటిమీద బోధివృక్షం, ధర్మచక్రం, స్తూపం ఒకదానిపై ఒకటిగా కనిపిస్తాయి: జ్ఞానోదయం, తొలి ఉపదేశం, మహాపరినిర్వాణం. అంటే స్తంభం పలకకు చట్రం మాత్రమే కాదు, తానూ ఒక కథ చెబుతుంది. ఖాళీ అన్నది దాదాపు లేదు. ప్రదక్షిణ చేసేవారి చూపు వెడల్పు పలక దగ్గర నిలిచి, సన్నటి స్తంభం దగ్గర ముందుకు సాగేలా ఈ అమరిక ఉందని నా అభిప్రాయం.

రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ స్తంభాల ఎడాన్ని స్తంభపు వ్యాసంతో కొలిచాడు. రెండుంబావు రెట్లు ఉత్తమమన్నాడు. మూడు రెట్లయితే పైన పరచిన రాతిదూలాలు విరుగుతాయని హెచ్చరించాడు. గోడకు అంటి ఉన్న స్తంభానికి ఆ బెడద లేదు, బరువంతా గోడే మోస్తుంది. రోమ్‌లోని కొలోసియం పై అంతస్తులో కుడ్యస్తంభాలు చేసే పని కూడా గోడను భాగాలుగా విడదీయడమే. మరి ఎడాన్ని నిర్ణయించేది ఏది?

తెలుగునేల మీద దాన్ని నిర్ణయించింది మూర్తి. ఈ సంగతి తూర్పు చాళుక్యుల బిక్కవోలులో తేటగా తెలుస్తుంది. గుణగ విజయాదిత్యుని (849–892) కాలంతో ముడిపడిన ఆ గుళ్లలో అధిష్ఠానం (గుడి పీఠం) మీద కుడ్యస్తంభాలు నిరాడంబరంగా లేస్తాయి. గోడ నడుమ రెండు స్తంభాల మధ్య మూర్తి ఉండే గూడు, అంటే కోష్ఠం, దాని నెత్తిన మకరతోరణం. అటూ ఇటూ బోసిగోడ. అమరావతిలో కథ చెప్పిన స్తంభం ఇక్కడ మౌనం పాటించి దేవుడికి చోటిచ్చింది. శిల్పం కిక్కిరిసిన గోడల కన్నా ఈ బోసిగోడే స్థపతి నేర్పుకు గట్టి సాక్ష్యమని నేను నమ్ముతున్నాను. చెక్కకుండా ఎక్కడ వదలాలో అతనికి తెలుసు.

అందుకే శిల్పాన్ని కట్టడం నుంచి విడదీసినప్పుడు పోయేది బొమ్మ కాదు, ఎడం. అమరావతి పలకలు లండన్, చెన్నై, అమరావతి మ్యూజియాల మధ్య చెదిరిపోయాయి. 1816లో మళ్లీ అక్కడికి వచ్చిన సర్వేయరు కాలిన్ మెకంజీ బృందం గీసిన చిత్రాలు అందుకే అంత విలువైనవి. నిలిచి ఉన్న గుళ్లకైనా మూర్తుల ఫొటోలతో సరిపెట్టకుండా స్తంభం వెడల్పు, కోష్ఠం వెడల్పు, వాటి నడుమ బోసిగోడ కొలతలు నమోదు చేయాలి. జీర్ణోద్ధరణలో గచ్చు పూసేలోపే ఆ పని జరగాలి.