కొట్టడం తెలిసిన చెయ్యి

మంటకి కొంచెం దగ్గరికి జరగండ్రా, మదనపల్లె చలి ఎముకల్లోకి దిగుతుంది. మీ అక్క బెంగుళూరులో షియాట్సు నేర్చుకుంటా ఉందంట. వేళ్లతో నొక్కి నొప్పులు తీసే జపానోళ్ల వైద్యం. దానికి ముందు ధ్యానం చెయ్యమన్నారంట, కరాటే కూడా నేర్చుకోమన్నారంట. "ఒళ్లు పట్టేదానికి కరాటే ఎందుకు జేజినాయనా?" అని ఫోన్లో ఒకటే నవ్వు. ఎందుకో చెప్తా వినండి.

మా కాలంలో పుంగనూరు పక్క పిల్లోళ్లు గరిడీకి పోయేవాళ్లు. కుస్తీ పట్లు నేర్పే వస్తాదే కీలు తొలిగితే సరిచేసేవాడు, నూనె పెట్టి పిక్కలు పిసికేవాడు. కుప్పం పక్క కర్రసాము. ఆడ మూడు రాష్ట్రాలు కలుస్తాయి కదా, అరవదేశం ఆశాన్లు, అంటే సాము గురువులు, వర్మం సంగతి చెప్పేవాళ్లు. ఒంట్లో ఫలానా చోట దెబ్బ తగిలితే మనిషి కూలిపోతాడు, మర్మం తెలిసినోడు తడిమితే లేస్తాడు అని వాళ్ల లెక్క. అందుకే కొట్టేది నేర్పేవాడికి లేపేదీ తెలిసుండాల.

జపానులోనూ అంతే. జూడో గురువులే ఎముకలు సరిచేసేవాళ్లు. 1920లో ఆడి సర్కారు పరీక్ష పెట్టి వాళ్లకి అనుమతిచ్చింది. పసరు పట్టించి వెదురుబద్దలు కట్టే మన పుత్తూరోళ్లు గుర్తొస్తారు నాకు.

షియాట్సుని నిలబెట్టిన తొకుజిరో నమికోషి 1905లో పుట్టినాడు. ఏడేళ్లప్పుడు వాళ్లిల్లు హొక్కైడోకి మారింది. ఆ చలిదేశంలో అమ్మకి కీళ్లనొప్పులు, ఊళ్లో వైద్యుడు లేడు. పిల్లోడే నొక్కీ నొక్కీ ఏ చోట నొక్కితే సుఖమో కనిపెట్టినాడు. 1940లో బడి పెట్టినాడు. ఆ బడిలో పాఠాలు చెప్పిన షిజుతో మసునాగ జెన్ బౌద్ధుల దారిని దీంట్లో కలిపినాడు. ఆయన పుస్తకం 1977లో ఇంగ్లీషులో వచ్చింది.

నూనె లేదు, గుడ్డలు విప్పే పని లేదు, నేలమీద పరుపు చాలు. కండబలంతో నొక్కరు. పొట్టనిండా ఊపిరి పీల్చి, ఒంటి బరువు మెల్లిగా బొటనవేలి మీదికి వాలుస్తారు. అట్లా వాలేది సాము చేసినోడికి సులువుగా పట్టుబడుతుంది. వేలికింద బిగుసుకున్న నరమేదో తెలియాలంటే మనసు కుదురుగా ఉండాల. ధ్యానం అందుకు.

కుదురైన మనసుకీ చేతికీ లంకె ఏందంటారా? 1895లో మన ఊళ్లోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చూడండి. గురువూ వద్దు, పద్ధతీ వద్దు అన్న మనిషి. తనకోసం పెట్టిన సంఘాన్నే 1929లో రద్దు చేసేసినాడు. అట్లాంటాయన చెయ్యి పెడితే తన చెవి జబ్బు నయమైందని విమలా ఠకార్ అనే ఆవిడ రాసుకునింది. ఆయన మాత్రం దాన్ని ఎప్పుడూ చాటుకోలేదు.

మీ అక్కకి నా మాటగా చెప్పండి. సాము నేర్చుకోమ్మా, కదలకుండా కూర్చునేది నేర్చుకో, ఆ తర్వాతే ఇంకొకరి వీపు మీద చెయ్యి వెయ్యి. ఎముక విరిగినోళ్లు, జ్వరంతో ఉండేవాళ్లు, గుండెనొప్పి అనేవాళ్లు వస్తే నొక్కొద్దు, ఆస్పత్రికి పంపు. ఎప్పుడు చెయ్యి వెయ్యకూడదో తెలిసినోళ్లే ఈ పనికి తగినోళ్లు.