ఆవని కొండ ఊరిలో ఒక పూట

మన బంగారుపేటలో ఎవరినడిగినా ఈ సీమ చరిత్రను గనులతోనే మొదలుపెడతారు. నేనూ అంతే. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1894లో మారికుప్పానికి రైలు పడింది. మన తాతలు చిత్తూరు వైపు నుంచి మూటాముల్లే కట్టుకొని దిగారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కథ అయిపోయింది. తెల్లవారుజామున బెంగుళూరు బండికి పరుగెత్తే పిల్లలకు సీజన్ టిక్కెట్లు ఇస్తూ, ఇక ఈ గడ్డతో మనకేమి సంబంధం అని చాలాసార్లు అనుకొన్నాను.

మొన్న ఒక ఆదివారం అత్తగారి మొక్కు తీర్చడానికి ఆవని వెళ్లవలసివచ్చింది. ముళబాగిలు తాలూకాలో కొండను ఆనుకొని ఉన్న పల్లె అది. వాల్మీకి ఆశ్రమం ఇక్కడేననీ, సీతమ్మ కుశలవులను ఇక్కడే కన్నదనీ జనుల నమ్మకం. కొండమీద సీతమ్మ గుడి ఉంది. సంతానం కోరి ఆడవాళ్లు ఎక్కుతారు. మా అత్తగారు నాకంటె ముందు ఎక్కి, పైనుంచి నన్ను చూచి నవ్వారు. రోజంతా కుర్చీలో కూర్చునేవాడి అవస్థ ఆమెకేమి తెలుసు!

క్రింద ఒకే ప్రాకారంలో రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుల పేర శివాలయాలున్నాయి. నొలంబ రాజులనాటివి, అంటే వెయ్యేండ్లు దాటినవి. లక్ష్మణేశ్వరుని గుడికి ఉన్న చెక్కడపు పని తక్కినవాటికి లేదు. అన్నగారి గుడిని మించిపోయిందన్నమాట.

అయితే నా మనస్సు పట్టుకొన్నది గుడులు కావు. కోలారు జిల్లా శాసనాలను రైసు దొరగారు 1905లో అచ్చువేయించారు. వాటిలో ఆవనిది ఒకటి ఉంది. 10వ శతాబ్దంలో త్రిభువనకర్తారుడనే శైవ సన్న్యాసి నలభై ఏండ్లు ఈ స్థానాన్ని ఏలి, ఏభై గుడులూ రెండు పెద్ద చెరువులూ కట్టించాడట. సర్వసంగ పరిత్యాగికి చెరువెందుకు? ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. వాన నీరు కట్ట వేసి నిలిపితేనే చేను, చేనుంటేనే దేవుడికి నైవేద్యం. గనివాళ్లు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి, నూట ఇరవై ఏండ్లు తవ్వుకొని వెళ్లిపోయారు. ఆ సన్న్యాసి భూమి మీద నీళ్లు ఆపాడు.

గుడి అరుగుమీద ఒక పెద్దాయన, "ఏ ఊరు నాయనా మీది?" అని తెలుగులోనే అడిగాడు. బంగారుపేట అనీ, మావాళ్లు చిత్తూరు జిల్లా నుంచి వలస వచ్చారనీ చెప్పాను.

"చిత్తూరంటే పక్కనే గదా. దాన్ని వలస అంటారా?" అన్నాడు.

వాళ్లింట్లో తరతరాలుగా మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. 1956లో రాష్ట్రాలకు గీతలు గీసినప్పుడు ఆ గీత ఆయన అరుగు దాకా వచ్చినట్టు లేదు. నేను మాత్రం మూడు తరాలుగా పరాయివాణ్ణని చెప్పుకొంటున్నాను.

బస్సెక్కేటప్పుడు మా చిన్నదాని చేతిలో రెండు సీతాఫలాలు పెట్టి, "చెరువు నిండిన ఏడు మళ్లీ రండి, చూద్దురుగాని" అన్నాడు.