కడచీల నుంచి నైలాన్ నట్టు దాకా

యుద్ధంలో దశరథుడి రథపు ఇరుసు చీల ఊడిపోతే, చక్రం జారిపోకుండా కైక తన వేలిని అడ్డుపెట్టిందన్న కథ తెలుగు ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. వాల్మీకి రామాయణంలో ఈ వేలి ప్రస్తావన లేదు. గాయపడిన భర్తను కైక రణరంగం నుంచి తప్పించి కాపాడిందని మాత్రమే అక్కడ ఉంది. వేలి కథ తర్వాతి పురాణాలూ జనశ్రుతీ చేర్చినది. ఆ చేర్పు వెనుక బండ్లు తోలిన వారి అనుభవం ఉంది. చక్రం ఎంత గట్టిదైనా, ఇరుసు ఎంత బలమైనదైనా, ఆ రెంటినీ కలిపి ఉంచేది ఇరుసు చివర దూర్చిన బెత్తెడు కడచీలే.

పాత కార్లను విప్పి మళ్ళీ నిలబెట్టే అభిరుచి గలవారికి ఈ కథ కొత్తగా వినిపించదు. ఇంజన్ పాడైతే కారు ఆగిపోతుంది. సస్పెన్షన్‌లో ఒక నట్టు ఊడితే మాత్రం కారు ఆగకపోవచ్చు, దారి తప్పవచ్చు. 1950లనాటి కారు కిందకు తొంగిచూస్తే ఒకచోట కోటబురుజులాంటి నట్టు, దాని గుండా చీల. ఒకచోట అంచు మడిచిన రేకు వాషర్. ఒకచోట స్ప్రింగ్ వాషర్. మరొకచోట నైలాన్ వలయమున్న నట్టు కనిపిస్తాయి. ఇన్ని రకాలు ఎందుకు? ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు మరల చరిత్రలో ఉంది.

మరల్లో మూడు భాషలు

19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఏ కర్మాగారం మర దానిదే. ఒకచోట చేసిన నట్టు మరొకచోట చేసిన బోల్టుకు ఎక్కేది కాదు. ఈ గందరగోళానికి తెర దించే ప్రతిపాదనను 1841లో జోసెఫ్ విట్‌వర్త్ లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందుంచాడు. మర కోణం 55 డిగ్రీలు ఉండాలనీ, ప్రతి వ్యాసానికీ అంగుళానికి ఇన్ని మరలనీ ఆయన నిర్ణయించాడు. బ్రిటిష్ రైల్వేలతోపాటు ఆ మర సామ్రాజ్యమంతా పాకింది. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ మరో పద్ధతిని ప్రతిపాదించాడు. దాని కోణం 60 డిగ్రీలు. ఐరోపా ఖండం మెట్రిక్ మరల వైపు మొగ్గింది.

ఈ తేడాల ఖరీదు రెండవ ప్రపంచయుద్ధంలో తెలిసివచ్చింది. అమెరికాలో చేసిన విడిభాగం బ్రిటిష్ యంత్రానికి పట్టకపోవడం మిత్రదేశాలకు పెద్ద తలనొప్పి అయింది. చివరకు 1948 నవంబర్ 18న అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఏకీకృత మర ఒప్పందంపై సంతకాలు చేశాయి. కోణం 60 డిగ్రీలకు స్థిరపడింది.

దానికి సుమారు మూడు వారాల ముందు లండన్ మోటార్ ప్రదర్శనలో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్ తొలిసారి జనం ముందుకు వచ్చింది. తర్వాత పది లక్షల అమ్మకాలు దాటిన మొదటి బ్రిటిష్ కారు అదే. తొలినాటి మైనర్ ఇంజన్‌లో మరో చిక్కు కూడా ఉంది. మోరిస్ ఇంజన్ల కర్మాగారం మొదట కోవెంట్రీలోని ఫ్రెంచ్ సంస్థ హాచ్‌కిస్‌ది. అక్కడి యంత్రాలు మెట్రిక్ మరలే కోసేవి. బ్రిటిష్ మెకానిక్కుల దగ్గరున్నవి విట్‌వర్త్ పానాలు. అందువల్ల తల విట్‌వర్త్ కొలతకు, మర ఫ్రెంచ్ మెట్రిక్ కొలతకు ఉన్న విచిత్రమైన బోల్టులు పుట్టాయి. 1952లో మోరిస్, ఆస్టిన్ సంస్థలు విలీనమయ్యాక ఆస్టిన్ ఇంజన్‌తోపాటు కొత్త ఏకీకృత మరలు వచ్చాయి. పానా సరిపోయినంత మాత్రాన మర సరిపోయినట్టు కాదన్నది ఈ చరిత్ర నేర్పే మొదటి పాఠం. 3/8 అంగుళం బోల్టునే తీసుకుంటే, పాత బ్రిటిష్ సన్నమరలో అంగుళానికి 20 మరలు, ఏకీకృత సన్నమరలో 24. నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయిన నట్టును బలవంతంగా తిప్పితే అది బిగిసినట్టే అనిపిస్తుంది. నిజానికి అప్పుడు మర తెగుతూ ఉంటుంది.

వదులవడం వేరు, ఊడిపోవడం వేరు

బోల్టును బిగించడమంటే దాన్ని సాగదీయడమే. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కి లాగుతూ రెండు భాగాలనూ నొక్కి ఉంచుతుంది. అతుకు నిజమైన బలం ఆ నొక్కుడే. అయితే పానాపై పెట్టిన శ్రమలో సుమారు పదోవంతు మాత్రమే బోల్టును సాగదీయడానికి పోతుంది. తక్కినదంతా తల కిందా మరల మధ్యా రాపిడికి ఖర్చవుతుంది. పొడి మరకు చెప్పిన టార్క్ సంఖ్యను నూనె రాసిన మరకు వాడితే బోల్టు అతిగా సాగుతుంది. తుప్పుపట్టిన మరకు వాడితే చాలినంత సాగదు.

నట్లు ఎందుకు వదులవుతాయన్న ప్రశ్నకు చాలాకాలం ‘అదురు’ అన్న ఒక్క మాటే జవాబుగా చలామణి అయింది. 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ దీనికి స్పష్టత తెచ్చాడు. బోల్టు పొడవునా వచ్చే అదురు కంటే అడ్డంగా వచ్చే జారుడు ఎక్కువ ప్రమాదకరమని ఆయన పరీక్షలు చూపాయి. మర అంటే బోల్టు చుట్టూ చుట్టిన ఏటవాలు. బిగించిన భాగాలు పక్కకు జారినప్పుడల్లా మరల మధ్య రాపిడి పట్టు క్షణకాలం సడలుతుంది. అప్పుడు నట్టు ఆ ఏటవాలు మీద తనంతట తానే కిందకు దిగుతుంది. మెకానిక్కులు ఎంతో నమ్ముకున్న స్ప్రింగ్ వాషర్ ఈ పరీక్షలో నిలవలేదు. పూర్తిగా బిగించాక అది చదునైపోయి మామూలు వాషర్‌లాగే ఉంటుంది.

ఈ వెలుగులో చూస్తే పాత కారులోని రకరకాల ఏర్పాట్లు ఒకే పని చేసేవి కావని తెలుస్తుంది. కోట నట్టుకు వేసిన చీల బోల్టు సాగుదలను కాపాడదు. నట్టు కాస్త వదులైనా పూర్తిగా ఊడిపోకుండా అడ్డుపడుతుంది. కడచీల చేసిన పనీ, కైక వేలు చేసిన పనీ అదే. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల్లో విస్తృతంగా వాడిన ఫైబర్ వలయపు నట్టు, దాని తర్వాత వచ్చిన నైలాన్ నట్టు మరను గట్టిగా పట్టుకుని ఊడకుండా ఆపుతాయి. అయినా అడ్డజారుడు ఆగకుండా ఉంటే బిగుతు కొంత తగ్గుతూనే ఉంటుంది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ తయారుచేసిన లాక్‌టైట్ జిగురు మరో మార్గం చూపింది. గాలి తగలనిచోట, లోహపు స్పర్శతో గట్టిపడే ఆ ద్రవం మరల మధ్య ఖాళీని నింపి జారుడుకే చోటు లేకుండా చేస్తుంది.

ఏ చోటికి ఏ కట్టు

సస్పెన్షన్‌లోని అతుకులను వాటి స్వభావాన్ని బట్టి వేరుచేస్తే పాత ఇంజనీర్ల ఎంపికల వెనుక తర్కం బయటపడుతుంది.

మొదటిది టేపర్ అతుకు. స్టీరింగ్ బాల్ జాయింట్ల వంటి చోట్ల శంఖాకారపు కాడ గుంటలో బిగిసి పట్టుకుంటుంది. ఇక్కడ నట్టు ఊడితే స్టీరింగే తెగిపోతుంది కనుక కోట నట్టు, చీల వాడారు. బిగించాక చీల రంధ్రం నట్టు గాడికి ఎదురు రాకపోతే నట్టును ఇంకాస్త ముందుకు తిప్పాలి, వెనక్కి తిప్పకూడదు.

రెండవది చక్రపు బేరింగ్ నట్టు. టేపర్ రోలర్ బేరింగులున్న ముందు చక్రాల్లో ఈ నట్టు పని నొక్కిపట్టడం కాదు, సరైన సందును నిలపడం. కనుక ఇక్కడ నియమం తలకిందులవుతుంది. గాడి కోసం నట్టును వెనక్కే తిప్పాలి. ముందుకు తిప్పితే బేరింగ్ వేడెక్కి పాడవుతుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు నట్లకు రెండు విరుద్ధ నియమాలు వర్తిస్తాయి. ప్రతిదాని పని తెలియకుండా అలవాటు కొద్దీ బిగించడం ఇక్కడే ప్రమాదమవుతుంది.

మూడవది రబ్బరు బుష్ అతుకు. బోల్టు బుష్ లోపలి ఉక్కు గొట్టాన్ని కదలకుండా నొక్కి ఉంచాలి. కదలిక రబ్బరు మెలికలోనే జరగాలి. అందువల్ల చివరి బిగింపు కారు తన బరువుతో చక్రాల మీద నిలిచినప్పుడే చేయాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందకు దిగగానే రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉండి త్వరలోనే చిరుగుతుంది. కారు కిందకు దూరి ఈ పని చేసేటప్పుడు దృఢమైన ర్యాంపులు తప్పనిసరి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద పడుకోవడం ఎన్నడూ తగదు.

నాల్గవది మైనర్ ప్రత్యేకత. దాని ముందు చక్రపు నిలువు కాడ కింది భాగంలోని ట్రనియన్‌లోకి మరతో దిగి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదే తిరుగుతుంది. అంటే ఇక్కడ మర బిగించేది కాదు, బేరింగ్‌గా పనిచేసేది. గ్రీజు అందకపోతే మర అరిగి, కాడ ట్రనియన్ నుంచి ఊడి, చక్రం కారు కిందకు మడుచుకుపోతుంది. ఏ తాళం నట్టూ దీన్ని ఆపలేదు. క్రమం తప్పని గ్రీజే ఇక్కడి కడచీల.

తెలుగువారికి తెలిసిన మోరిస్

ఈ కుటుంబానికి చెందిన మరో కారుతో తెలుగువారికి దగ్గరి పరిచయమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసిన అంబాసిడర్, 1950ల చివరి నుంచి 2014 వరకు నడిచింది. సచివాలయాల ముందూ కలెక్టరేట్ల ముందూ బారులు తీరినవి అవే. మైనర్‌లాగే దీనికీ ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను పట్టీలు. ఆ పట్టీలను ఇరుసుకు కట్టేవి యు ఆకారపు బోల్టులు. 1990లలో ఇదే కారుకు జపాన్ మూలాలున్న ఇసుజు ఇంజన్ రావడంతో అంగుళాల మరల బండిలోకి మెట్రిక్ మరలు వచ్చి చేరాయి. కోవెంట్రీలో ఒకప్పుడు జరిగిన కలగలుపు ఉత్తర్‌పారాలో మరో రూపంలో మళ్ళీ జరిగింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల చేతివాటం మీద ఆధారపడి పనిచేసిన మెకానిక్కుల తరం ఈ తేడాలను వేళ్ళతోనే గుర్తుపట్టేది. ఆ తరం తప్పుకుంటున్న కొద్దీ వారి జ్ఞానమూ వారితోనే పోతోంది. చాలావరకు అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

పాత కారును నిలబెట్టేవారు చేసే పొరపాట్లు తరచు మంచి ఉద్దేశంతోనే మొదలవుతాయి. తుప్పుపట్టదని, మెరుస్తుందని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తారు. సస్పెన్షన్ బోల్టు తలమీద ఉండే ఆర్, ఎస్ వంటి అక్షరాలు కానీ, అమెరికన్ బోల్టుపై ఉండే మూడు లేక ఆరు గీతలు కానీ అలంకారాలు కావు, ఉక్కు బలాన్ని చెప్పే గుర్తులు. సాధారణ స్టెయిన్‌లెస్‌కు ఆ బలం లేదు. ఒకసారి మడిచి విప్పిన చీలను మళ్ళీ వంచితే అది విరగడానికి సిద్ధంగా ఉంటుంది. పట్టు తగ్గిన నైలాన్ నట్టు చేతివేళ్ళకే తిరుగుతుంది. ఒకసారి సాగిన యు బోల్టు మళ్ళీ అంతే నమ్మకంగా పట్టదు. కొత్తది వేసినా, కొంత దూరం నడిపాక మరోసారి బిగించి చూడాలి. వీటన్నిటి ఖరీదు కలిపినా ఒక పూట భోజనం ఖర్చుకు మించదు.

కైక చూపిన తెగువకు దశరథుడు రెండు వరాలిచ్చాడు. ఆ వరాలు తర్వాత ఎంత ఖరీదు అయ్యాయో తెలిసినదే. చీల చోట వేలు పెట్టవలసిన అవసరమే రాకుండా, రథం కదిలే ముందే ఎవరైనా ఆ చీలను ఒకసారి తడిమి చూసి ఉంటే కథే వేరుగా నడిచేది.