చిక్కకపోవడం ఎవరి గుణం? కలివికోడి సాక్ష్యంగా ఒక పరిశీలన

కలివికోడి మీద వచ్చిన రాతల్లో ఒక మాట పదే పదే కనిపిస్తుంది: అది బిడియపు పిట్ట, మనిషి కంట పడదు. సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల పొదల్లో తిరిగిన కొద్దీ నాకు ఈ మాట మీద అనుమానం పెరుగుతూ వచ్చింది. 1900లో అనంతపురం దగ్గర నమోదైన ఈ పిట్ట ఆ తర్వాత 86 ఏళ్లపాటు పండితుల లెక్కలో లేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ బయటపడింది. దాన్ని పట్టింది స్థానిక వేటగాడు, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. రాత్రి తిరిగే పిట్ట పగటి చూపుకు అందకపోతే అందులో బిడియం ఏముంది? చిక్కకపోవడాన్ని చిక్కనిదాని స్వభావంగా రాయడం పొరపాటనీ, వెతికే పద్ధతిని పక్కన పెట్టి దాని గురించి మాట్లాడలేమనీ ఈ వ్యాసం వాదన.

ఈ పొరపాటుకు బలమైన రూపం పక్షిశాస్త్రంలో కంటే క్యాన్సర్ జీవశాస్త్రంలో ఉంది. డగ్లస్ హనహాన్, రాబర్ట్ వైన్‌బర్గ్ 2000లో ‘సెల్’ పత్రికలో క్యాన్సర్ కణం సంపాదించుకునే ఆరు సామర్థ్యాలకు జాబితా కట్టారు. కణమరణాన్ని తప్పించుకోవడం అందులో ఒకటి. 2011లో రోగనిరోధక వ్యవస్థ బారిన పడకుండా తప్పుకోవడాన్నీ చేర్చారు. ఈ జాబితా లేకుండా ఇవాళ క్యాన్సర్ పాఠం మొదలు కాదు. నా తగాదా జాబితాతో కాదు, తప్పించుకోవడాన్ని పూర్తిగా కణం ఖాతాలో వేయడంతో.

ఎంహెచ్‌సి-1 సంగతే చూద్దాం. కణం ఉపరితలం మీద ఈ అణువులు పట్టి చూపే ప్రోటీన్ ముక్కలను హంతక టి-కణం పరీక్షిస్తుంది. ఈ అణువులను వదిలేసిన క్యాన్సర్ కణం టి-కణానికి ఆనదు. కానీ రోగనిరోధక వ్యవస్థలోనే మరో కాపలాదారైన ఎన్‌కె (సహజ హంతక) కణం కనిపెట్టేది సరిగ్గా ఆ లోటునే. 1980లలో క్లాస్ కారె ముందుకు తెచ్చిన ప్రతిపాదన ఇది. కణంలో జరిగిన మార్పు ఒక్కటే, ఒకరి నుంచి దాచింది, మరొకరికి పట్టిచ్చింది. మరి ఆ కణానికి తప్పించుకునే సామర్థ్యం ఉన్నట్టా, లేనట్టా?

ఇంతకంటే గట్టి సాక్ష్యం టి-కణం మీద బ్రేకులా పనిచేసే పిడి-1. దీన్ని కనుగొన్న తసుకు హోంజోకు, అలాంటి మరో బ్రేకు సిటిఎల్‌ఎ-4 మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది. పిడి-1 మీద పనిచేసే ప్రతిరక్షకం అతుక్కునేది టి-కణానికి, కణితికి కాదు. క్యాన్సర్ కణాన్ని ముట్టుకోకుండా, వెతికేవాణ్ణి మార్చి అది తప్పించుకోవడాన్ని ఆపగలిగారు. దెబ్బతిన్న కణాన్ని ఆపే పి53 జన్యువు చెడినప్పుడు లోపం కణంలోనే ఉంది కదా అనే అభ్యంతరానికి, అక్కడ కాపలా యంత్రాంగం కూడా కణంలోనే ఉందన్నది నా సమాధానం.

భౌతికశాస్త్రం ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది. మన చిత్తూరు సరిహద్దు అవతల కోలారు బంగారు గనుల లోతుల్లో 1965లో వాతావరణంలో పుట్టే, దేనికీ సులభంగా చిక్కని న్యూట్రినో కణాల జాడ దొరికింది. ఆ తర్వాత అమెరికాలో హోమ్‌స్టేక్ గనిలో రేమండ్ డేవిస్‌కు సూర్యుడి న్యూట్రినోలు అంచనాలో మూడో వంతే అందాయి. మిగతావి ఏమయ్యాయన్నది దశాబ్దాల చర్చ. కెనడాలోని సడ్‌బరీ ప్రయోగశాల 2001, 2002 ఫలితాలతో జవాబు తేలింది: న్యూట్రినోలు దారిలో రకం మార్చుకున్నాయి, డేవిస్ క్లోరిన్ తొట్టికి ఎలక్ట్రాన్ రకం ఒక్కటే అందుతుంది. అవి ఎక్కడికీ పారిపోలేదు.

గణితంలో ఇది నిరూపణగానే దొరుకుతుంది. గుండ్రటి ఆవరణలో సింహం, మనిషి, ఇద్దరికీ సమాన వేగం. మనిషి ఎప్పటికీ చిక్కకుండా తిరగగలడని గణితవేత్త బెసికోవిచ్ చూపించాడు. సింహం ఎంత దగ్గరికైనా రాగలదు గానీ తాకలేదు. అయితే ఈ ఫలితం ఇద్దరినీ బిందువులుగా అనుకున్నప్పటిది. సింహం పంజాకు ఎంత చిన్నదైనా సరే, కాస్త చాపు ఇస్తే మనిషి పరిమిత కాలంలో దొరికిపోతాడు. మనిషి మారలేదు, మారింది పంజా.

ఇప్పుడు లంకమలకు వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం కోసం బెర్నార్డ్ కూప్‌మన్ కట్టిన అన్వేషణ సిద్ధాంతం ప్రకారం, నడిచిన దారి పొడవును చూపు పట్టే వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని అడవి విస్తీర్ణంతో పోల్చాలి. రెండూ సమానమైనా, అడ్డదిడ్డంగా సాగే వెతుకులాటలో దొరికే అవకాశం 63 శాతమే. టార్చి వెలుగు 20 మీటర్ల మేర పడుతుందనుకుంటే, దాదాపు 464 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో ఆ మాత్రం అవకాశానికే 23,200 కిలోమీటర్లు నడవాలి. 2000 తర్వాత పక్షి పరిశోధకుడు జెగనాథన్ బృందం ఇసుక పట్టీల మీద అడుగుజాడలు చూసింది, కెమెరా ట్రాపులు పెట్టింది, కూత రికార్డు చేసింది. కూత తెలిశాక చెవి కూడా వెతకసాగింది, పట్టు వెడల్పు ఒక్కసారిగా పెరిగింది. 2009 తర్వాత దశాబ్దానికి పైగా గట్టి ఆధారం దొరకకపోవడాన్ని ఈ లెక్కతోనే చదవాలి. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట సంగతి వేరు: మైదానంలో తిరిగే అంత పెద్ద పక్షికి చూపు పట్టే వెడల్పు చాలా ఎక్కువ, కాబట్టి కనపడలేదంటే చాలావరకు లేనట్టే.

కాబట్టి ‘కనపడలేదు’ అనే ప్రతి నివేదికా నిజానికి వెతికినవాడి పరికరం మీద నివేదిక. కణితి స్కాన్‌కైనా, కాలువ తవ్వే ముందు జరిగే పర్యావరణ సర్వేకైనా ఇదే వర్తిస్తుంది. తెలుగుగంగ కాలువను ఈ పిట్ట కోసం దారి మళ్లించాల్సి వచ్చిన జిల్లాలో దీన్ని కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎన్ని గంటలు, ఏ వేళ, ఎంత దారి, ఎంత వెడల్పు అన్న నాలుగు అంకెలు లేకుండా ‘జాడ లేదు’ అని రాసిన ఏ సర్వేనూ సాక్ష్యంగా అంగీకరించకూడదు.