వెయ్యి గజాల గురి

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, కోటల గురించీ గుళ్ళ గురించీ రాయగల పెద్దలు మనలో ఉండగా నేనేం రాస్తానండీ అన్నాను. "ముప్పై రెండేళ్ళు తూటాలు తూకం వేశారు కదా, దాన్ని గురించే రాయండి" అన్నారాయన. నిజమే, నా సర్వీసంతా మహారాష్ట్రలో ఒక ఆయుధ కర్మాగారంలో, తూటాల పరీక్షా విభాగంలోనే గడిచింది. అయితే ఇది యుద్ధం కథ కాదు. దూరాన ఉన్న బోర్డును కొట్టే పోటీల కోసం కొందరు తమ తూటాలు తామే ఒక్కొక్కటిగా నింపుకున్న కథ.

తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే క్యాపు, లోపల మందు, మూతిలో గుండు. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. ఈనాటి మామూలు పోటీ రైఫిలు గుండు కూడా అంత దూరం వెళ్ళేసరికి ముప్పై అడుగులకు మించి కిందికి జారుతుంది. ఆ జారడం ముందే తెలుసు గనుక రైఫిలు అంత ఎత్తి కాలుస్తారు, అందులో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఒక తూటాకూ మరో తూటాకూ ఉండే తేడాతోనే. వేగంలో సెకనుకు ఇరవై అడుగుల తేడా వస్తే చాలు, వెయ్యి గజాల దగ్గర అరడుగుకు పైగా దెబ్బ తప్పుతుంది.

గుండు వేగాన్ని సరిగా కొలిచే పద్ధతి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్. బరువైన పలకను లోలకంలా వేలాడదీసి, గుండు తగిలినప్పుడు అది ఎంత ఊగిందో చూసి వేగం లెక్క కట్టాడు. 1742లో ఆ పుస్తకం వచ్చింది. తరువాత కంపెనీ వారి కోటలు బాగుచేయడానికి మన దక్షిణాదికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. కడలూరు మీదుగా చిదంబరం యాత్రకు వెళ్ళిన మనవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ సంగతి ఎందరికి తెలుసో!

1860లో లండను దగ్గర వింబుల్డన్‌లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మొదటి పోటీలు జరిగాయి. మొదటి గుండు విక్టోరియా రాణి గారే కాల్చారు. రైఫిలును ముందే గురిచూసి బల్లకు బిగించి ఉంచారు, ఆమె లాగింది తాడు మాత్రమే. 400 గజాల దగ్గర గుండు నట్టనడుమ చుక్కకు అంగుళంపావు దూరంలో తగిలింది. ఆ రైఫిలు చేసిన జోసెఫ్ విట్‌వర్త్ అంతకుముందే మరల చుట్లకు ఒకే ప్రమాణం నిర్ణయించినవాడు, అంగుళంలో పది లక్షల వంతు కొలిచే యంత్రం కట్టినవాడు. మన మెకానిక్ సోదరులకు విట్‌వర్త్ చుట్టు అంటే వేరే చెప్పనక్కర లేదు.

ఈ కథలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం 1874 సెప్టెంబరు 26 నాటిది. న్యూయార్కు పక్కన లాంగ్ ఐలాండులో క్రీడ్ అనే కుటుంబం పొలం కొని తయారుచేసిన క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండు జట్టూ అమెరికా జట్టూ తలపడ్డాయి. జట్టుకు ఆరుగురు. 800, 900, 1000 గజాల దగ్గర ఒక్కొక్కరు పదిహేనేసి గుళ్ళు కాల్చాలి. ఐరిష్ వారు అంతకు ముందు ఏడే బ్రిటన్‌లో ఎల్కో షీల్డు గెలిచిన మేటి జట్టు. వారివి మూతినుంచి నింపే రిగ్బీ రైఫిళ్ళు. తూచిన మందు పోసి, గుండును పైనుంచి దించి, ప్రతిసారీ శ్రద్ధగా నింపుకుంటారు. అమెరికా వారివి వెనకనుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్ళు. వెనకనుంచి పెట్టే తూటాకు అంత నిలకడ రాదని చాలామంది నమ్మకం. అప్పటిది నల్లమందు, కాలిస్తే గొట్టమంతా మసి. ఆ మసిని ఎలా తుడవాలి, గుండుకు ఏ కాగితం చుట్టాలి అన్నదానిమీదే సగం విద్య నడిచేది.

ఐరిష్ ఆటగాడు మిల్నర్ ఒక గుండును చక్కగా నడిమధ్యన కొట్టాడు. కానీ అది పక్కవారి బోర్డు! నాలుగు మార్కులు పోయాయి. చివరికి ఐర్లండు 931, అమెరికా 930. మిగిలింది ఒక్క గుండు, కల్నల్ బొడైన్‌ది. అంతలో ఆయన దాహానికని అందుకున్న అల్లం సోడా సీసా పగిలి చెయ్యి కోసుకుపోయింది. చేతికి రుమాలు చుట్టుకుని పడుకుని కాల్చాడు. నడుమన తగిలింది. 934, 931. మూడు మార్కుల తేడాతో పందెం పోయింది, మిల్నర్ పోగొట్టినవి నాలుగు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదు.

నేనెందుకింత నమ్మకంగా అంటున్నానంటే, నాకూ అలాంటి రాత్రి ఒకటుంది. 1976 అనుకుంటాను, నెలాఖరు. ఒక లాటులోంచి అయిదు తూటాలు తీసి, బిగించిన గొట్టంలోంచి కాల్చాం. అయిదూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి. సంతోషంగా 'సరి' అని రాసి సంతకం పెట్టాను. మా పైన ఒక మరాఠీ పెద్దాయన ఉండేవారు. "ఇంకో ఇరవై కాల్చు బాబూ" అన్నారు. కాల్చాం. ఎనిమిది ఎటో పోయాయి. విప్పి తూస్తే మందు తూకమే ఒకలా లేదు. ఆయన కోప్పడలేదు, రిజిస్టరులో నా సంతకం మీద గీత కొట్టి పక్కన తన సంతకం పెట్టారు. ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

మర్నాడు ఆయన బీరువాలోంచి పాత పుస్తకమొకటి తీసి నా చేతిలో పెట్టారు. అమెరికాలోని మిల్‌ఫర్డ్ ఊరి డాక్టరు ఫ్రాంక్లిన్ మాన్ 1909లో వేసిన పుస్తకం అది. వైద్యం చదివి, కోళ్ళ మేతకు ఎముకలు తరిగే యంత్రాలు అమ్ముకుని, ఆ డబ్బంతా 'గుళ్ళన్నీ ఒక్కచోటే ఎందుకు పడవు?' అన్న ప్రశ్న మీద పోశాడు. మనిషి చేతి వణుకు లేకుండా గొట్టాన్ని కాంక్రీటు దిమ్మకు బిగించాడు. అయినా గుళ్ళు చెదిరాయి. దారి పొడుగునా కాగితాలు నిలబెట్టి గుండు ఎటు వాలుతోందో చూశాడు. కావాలని కొన్ని గుళ్ళ ముక్కులు చెక్కాడు, కొన్నింటి అడుగులు చెక్కాడు. మనబోటివాళ్ళం ముక్కు చెడితేనే ప్రమాదం అనుకుంటాం. కాదు, ముక్కు చెడినవి దాదాపు గురికే పోయాయి, అడుగు చెడినవి దారి తప్పాయి. ముప్పై ఏళ్ళకు పైబడిన ఆ శ్రమలో ఫలించని ప్రయోగాలే ఎక్కువ. వాటినీ దాచకుండా అచ్చువేశాడు.

ఇంట్లో తూటా నింపుకోవడం అమెరికాలో అంత పెరగడానికి ఒక చిన్న క్యాపు కూడా కారణం. 1866లోనే ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బర్డాన్ రెండు రకాల క్యాపులు కనిపెట్టారు. విచిత్రంగా అమెరికా ఇంగ్లీషువాడి క్యాపు పట్టుకుంది, ఐరోపాలో అమెరికావాడిది స్థిరపడింది. బాక్సర్ పద్ధతిలో నిప్పు రంధ్రం నడుమన ఒక్కటే గనుక, కాలిన క్యాపును ఒక్క పుల్లతో నెట్టేసి అదే గొట్టాన్ని మళ్ళీ వాడుకోవచ్చు. మనవళ్ళు చదివి ఉత్సాహపడతారేమో, మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరమని పెద్దలు చెప్పి ఉంచండి.

2007లో అమెరికా కంపెనీ ఒకటి దూరపు పోటీల కోసం కొత్త తూటా తెచ్చి, దానికి క్రీడ్‌మూర్ పేరే పెట్టింది. అసలు మైదానం మాత్రం ఎప్పుడో పోయింది. 1912 నుంచి అక్కడ మానసిక రోగుల ఆసుపత్రి ఉంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పట్టుబట్టి అటు తీసుకెళ్ళమన్నాను. ప్రహరీ పక్కన ఆగి, వెయ్యి గజాలు ఎంత దూరమో చూద్దామని అడుగులు లెక్కపెడుతూ నడిచాను. రెండు వందల దగ్గర మోకాలు మొరాయించింది. "తాతయ్యా, ఇంకా ఎనిమిది వందలున్నాయి" అంది మనవరాలు, కారెక్కుతూ.